వెంకట్రాం పంతులు నోరు తెరిచిన పెళ్లి

కేసముద్రం చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లి కుదిరినా వెంకట్రాం పంతులే కావాలనేవారు. అది ఆయన మంత్రాల మహిమ అనుకుంటే పొరపాటు. మంత్రాలు బాగానే చదివేవాడు, కాదనను. గొంతు కూడా ఖంగుమనేది. కానీ జనం ఎగబడింది అందుకు కాదు, ఆ మనిషి ఎవరినీ ఇంత కావాలని అడిగేవాడు కాదు కనుక.

"అయ్యగారూ, సంభావన ఎంతియ్యమంటరు?" అని ఎవరైనా అడిగితే చాలు, ఆయన చూపు నేల మీద పడేది. కండువా అంచు రెండుసార్లు సవరించుకునేవాడు. "మీ సంతోషం" అనేవాడు. అక్కడితో సరి. ఆ తర్వాత గునపం పెట్టి పెకలించినా ఆ నోట్లోంచి అంకె ఊడిపడేది కాదు.

పురోహితుడు నోరు తెరిచి అడిగితే మంత్రం మొద్దుబారిపోతుందని ఆయన తండ్రి చిన్నప్పుడే చెవిలో పోశాడు. తండ్రి పోయాడు, చెవిలో మాట పోలేదు. విచిత్రమేమిటంటే, ఇదే మనిషి పీటల మీద కూర్చుని సంకల్పం మొదలుపెడితే యుగాలు, మన్వంతరాలు, సంవత్సరాలు గడగడా లెక్కబెట్టేసేవాడు. ఎక్కడా తడబాటు ఉండేది కాదు. ఇరవై ఒక్క రూపాయలు అనడానికి మాత్రం గొంతు పట్టేసేది.

ఇలాంటి మహానుభావుడి ఇంటికి అరుంధతి కాపురానికి వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే తెలంగాణ ఉద్యమం పుట్టుకొచ్చింది. అరవై తొమ్మిదో సంవత్సరం. నేడు బంద్ అంటే రేపు హర్తాళ్. బస్సులు తిరగలేదు, రైళ్లు వస్తాయో రావో తెలియదు, మార్కెట్లో ధాన్యం కొనేవాడు లేడు. అయినా పెళ్లిళ్లు ఆగుతాయా? ముహూర్తాలకు బంద్ లేదు కదా. వెంకట్రాం ఎండనబడి నడిచి వెళ్లి పెళ్లిళ్లు చేయించి వచ్చేవాడు. చేతిలో పైసలు ఆడని జనం తమ సంతోషాన్ని గుమ్మడికాయల్లో చూపించారు. ఆ ఎండాకాలమంతా అరుంధతి గుమ్మడికాయ పులుసు, గుమ్మడికాయ కూర, గుమ్మడికాయ వడియాలు చేసింది. ఆఖరికి గుమ్మడికాయ కనిపిస్తే కళ్లనీళ్లు పెట్టుకునే స్థితికి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒకనాడు నెల్లికుదురు నుంచి ఒక ఆసామి పెళ్లి మాట్లాడటానికి వచ్చాడు. "పదకొండు రూపాలిస్తం అయ్యగారూ" అన్నాడు. "మీ సంతోషం" అన్నాడు వెంకట్రాం. సరిగ్గా అదే సమయానికి తలుపు వెనక ఉన్న అరుంధతి చేతిలోంచి ఇత్తడి చెంబు జారిపడింది. ఖణేల్‌మని మోగింది. నిజంగానే జారింది, ఒట్టు. కానీ ఆసామి ఉలిక్కిపడి తలుపు వంక చూసి, "సరే సరే, పదహారు చేస్తం అమ్మగారూ" అన్నాడు.

అరుంధతి చెంబు వంక చూసింది. చెంబు విలువ ఆమెకు ఆ క్షణాన తెలిసివచ్చింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో బేరాలన్నీ చెంబే చేసేది. ఇచ్చేది చాలకపోతే చెంబు పడేది. సరిపోతే గాజులు గలగలలాడేవి. దూరపు ఊరైతే దగ్గు వినబడేది, అంటే ఎడ్లబండి పంపాలన్నమాట. పంతులు మాత్రం ఏమీ ఎరగనట్టు నేల చూపులు చూస్తూ "మీ సంతోషం" అంటూ కూర్చునేవాడు. వచ్చినవాళ్లు ఆయనకు దండం పెట్టి తలుపుతో మాట్లాడేవాళ్లు. కొంతమంది గడుసువాళ్లు అరుంధతి బావికి పోయిన వేళ కనిపెట్టి వచ్చేవాళ్లు. అది తెలిసి ఆమె బావికి వేళాపాళా లేకుండా పోవడం మొదలుపెట్టింది. ఇలా ఏళ్లు గడిచాయి. చెంబుకు సొట్ట పడని చోటు లేకుండాపోయింది. గుమ్మడికాయల బెడద మాత్రం తీరింది.

ఇంతవరకు బాగానే ఉంది. బాగాలేనిది ఏమిటంటే, ఊరు ఊరంతా పంతులును దేవుడనేది, ఆయన భార్యను ఆశపోతు అనేది. "అయ్యగారు బంగారం. పాపం, ఆమెతోని ఎట్ల ఏగుతున్నడో" అని జాలిపడేవాళ్లు. ఆ జాలి చెవిన పడినప్పుడల్లా వెంకట్రాం సిగ్గుపడి నవ్వేవాడు. కాదని ఏనాడూ అనలేదు. చూశారా, మంచితనం ఎంత చవకగా దొరుకుతుందో.

ఎమర్జెన్సీ వెళ్లిపోయిన తర్వాతి వేసవిలో మహిపాల్ రెడ్డి గారింట్లో పెళ్లి జరిగింది. ఆయన కేసముద్రంలో పేరున్న రైతు, మార్కెట్లో ఆయన మాట చెల్లుతుంది. ఆయన భార్య శకుంతల ఆడవాళ్లందరినీ బంతిలో కూర్చోబెట్టి తానే వడ్డిస్తోంది. అరుంధతి కూడా వెళ్లింది. ఆమెకు పెళ్లిళ్లంటే ప్రాణం. నలుగురి మధ్య కూర్చోవడం, చీరలు చూడటం, ఎవరి పిల్ల ఎవరింటి కోడలవుతుందో తెలుసుకోవడం, ఇంతకు మించి ఆమెకు వేరే వినోదం లేదు. మంచినీళ్లు తాగుతుంటే చేతి తడికి గ్లాసు జారి బండల మీద పడింది. ఖణేల్‌మంది.

శకుంతల పరుగున లోపలికి వెళ్లి ఒక రవిక గుడ్డ, దాని మీద రెండు రూపాయలు పెట్టి తెచ్చి అరుంధతి విస్తరి పక్కన పెట్టింది. "తక్కువైందా అమ్మగారూ, చూసుకోలే" అంది. పాపం, ఎగతాళికి అనలేదు. నిజంగానే కంగారుపడింది. బంతి బంతంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఒక ముసలామెకు నవ్వి నవ్వి పొలమారితే వీపు మీద తట్టాల్సి వచ్చింది. అరుంధతి కూడా వాళ్లతో కలిసి నవ్వింది. ఇంటికి వచ్చి వంటింటి గోడకు ఆనుకుని ఏడ్చింది.

"నవ్వుతే నవ్వినరు గదనే, దానికేంది" అన్నాడు వెంకట్రాం.

"మిమ్ముల నవ్వలేదు గద" అంది అరుంధతి. "నా పేరు కుదవబెట్టి మీరు మంచోళ్లనిపిచ్చుకుంటున్నరు. ఇగ నాతోని కాదు. ఈ చెంబుల నీళ్లు తాగుత గని తలుపెన్క నిలబడ. మీ పనికి మీరే అడుగుండ్రి."

"అడిగితే మంత్రం మొద్దుబారుతదని నాయిన చెప్పిండు."

"నా ముఖం మొద్దుబారుతున్నది, అది అవుపిస్తలేదా? ఇనుండ్రి. వచ్చే పెండ్లికి మీ నోటితోని అడగకపోతిరా, ఇగ ఏ ఇంటి పెండ్లికి నేను రాను. ఏ ఆడమనిషి బొట్టువెట్ట పిలిచినా పోను. ఇంట్లనే కూసుంట."

ఆమె అన్నంత పని చేసే మనిషి. పెళ్లిళ్లు లేకుండా అరుంధతి ఎలా ఉంటుందో వెంకట్రాం ఊహించబోయాడు, ఊహ రాలేదు. ఆ రాత్రి మజ్జిగ అన్నం కూడా సహించలేదు. పశువుల కొట్టంలోకి వెళ్లి ఆవు ముందు నిలబడి "ఇరవై ఒకటి" అని చూశాడు. ఆవు దగ్గర బాగానే వచ్చింది.

వారం తిరగకముందే దేవ్యా వచ్చాడు. నెల్లికుదురు దారిలో ఉన్న తండా మనిషి. కూతురు రాజీకి పెళ్లి. తండాలో పెళ్లిళ్లు వాళ్ల పద్ధతిలో వాళ్లే చేసుకుంటారు, పంతులుతో పని లేదు. కానీ పెళ్లికొడుకు చాంద్యా మానుకోటలో రైల్వే గ్యాంగు పని చేస్తున్నాడు. అక్కడ వాళ్ల మేస్త్రీ పెళ్లి పంతులు చేయించాడట. తనకూ అలా కావాలని పట్టుబట్టాడు. మన పెళ్లి మనం చేసుకుందాం, ముందుగా పంతులు మంత్రాలు పంతులు చదువుకోనీ అని పెద్దలు ఒప్పుకున్నారు.

"ఎంతియ్యాలె అయ్యగారూ" అన్నాడు దేవ్యా.

వెంకట్రాం నోరు తెరిచాడు. కొంచెం గాలి వచ్చింది. "మీ సంతోషం" అన్నాడు.

దేవ్యా తలుపు వంక చూశాడు. వెంకట్రాం కూడా చూశాడు. తలుపు వెనక ఎవరూ లేరు. పెరట్లో అరుంధతి బియ్యంలో రాళ్లు ఏరుతున్న చేట చప్పుడు మాత్రం వినబడుతోంది. చాలాసేపు ఇద్దరూ తలుపును చూస్తూ కూర్చున్నారు.

"సరే, తండాకు రా పంతులూ. మా నాయక్ ముంగట మాట్లాడుకుందం" అని దేవ్యా లేచాడు.

పెళ్లినాడు పొద్దున్నే బయల్దేరుతుంటే అరుంధతి గుమ్మంలోకి వచ్చింది. "అడుగుతరా?" అంది.

"అడుగుత."

"ఎంత?"

వెంకట్రాం కండువా సవరించుకున్నాడు. "పోయి రాండ్రి" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

తండాలో పందిరి వేశారు. పెళ్లికొడుకు చాంద్యా పీట మీద కూర్చుని ఉన్నాడు. చేతికి గడియారం ఉంది, తండా మొత్తానికి అదొక్కటే. వెంకట్రాం సంచి విప్పి పసుపు తీయబోతే తండా పెద్ద, నాయక్ భీమ్లా చేయెత్తి ఆపాడు. వాళ్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఏ ఒప్పందమైనా పదిమంది ముందు బేరం చేయాలి, కుదిరాక ఇరుపక్షాలూ బెల్లం తినాలి. బెల్లం తినంది పని మొదలుపెట్టరు. బెల్లం గడ్డ పళ్లెంలో సిద్ధంగానే ఉంది, దాని చుట్టూ ఈగలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

"ఎంత తీస్కుంటవ్ పంతులూ?" అన్నాడు భీమ్లా. తండాలో చిన్నా పెద్దా అందరికీ నువ్వే.

"మీ సంతోషం."

"మా సంతోషం మాకున్నది. నీదెంతో చెప్పు."

వెంకట్రాం నేల చూశాడు. జనం అంతా ఆయన చూస్తున్న నేలను చూశారు. అక్కడ ఏమీ లేదు. భీమ్లా ముఖం ముడుచుకుపోయింది. "బేరం చేస్తలేడంటే మనల లెక్కల వెడ్తలేడన్నట్టే గద. రెడ్డి ఇంట్ల అయితే మాట్లాడుతుండె. మనతోని బేరమేందని అనుకున్నడు" అన్నాడు. చుట్టూ గుసగుసలు బయల్దేరాయి. ఇన్నాళ్లూ తన మర్యాద అనుకున్నది ఇక్కడ పొగరుగా కనబడుతోందని వెంకట్రాంకు అప్పుడు అర్థమైంది.

దేవ్యా అడ్డుపడ్డాడు. "గట్ల కాదు నాయక్. ఈయన ఏ ఇంట్ల గుడ అడగడు. తలుపెన్క వాళ్ల అమ్మగారు చెంబు కొడ్తది. అందరికీ ఎరికే."

"అయితే అమ్మగారిని తోల్కరావద్దా మరి?" అన్నాడు భీమ్లా.

"తలుపే గద గావాల్సింది" అంది గంగి. ఆమె దేవ్యా తల్లి. పెళ్లింట్లో ఊరికే కూర్చోవడం ఆమె వల్ల కాదు. కోళ్లగూటి ముందున్న తడక ఊడపీకి తెచ్చి పందిట్లో నిలబెట్టించింది. ఒక సత్తు చెంబు, ఒక గంటె పట్టుకుని దాని వెనక చేరింది. గూట్లోంచి కోళ్లన్నీ బయటకు వచ్చి పెళ్లిపందిరి చూడసాగాయి.

"పది రూపాలు" అన్నాడు భీమ్లా.

తడక వెనక ఖణేల్‌మంది.

"పదిహేను."

ఖణేల్.

"పద్దెనిమిది."

ఖణేల్, ఖణేల్. "అవ్వా, నువ్వు మన దిక్కా ఆయన దిక్కా?" అని దేవ్యా నెత్తి పట్టుకున్నాడు. పిల్లలు కింద పడి దొర్లారు. గంగి ఊపు మీద ఉంది. గొంతు సన్నగా చేసి తడక వెనక నుంచి, "నాకు ఎంతిచ్చిన సాలది, నా చెంబు నిండది" అని రాగం తీసింది. పందిరంతా నవ్వులతో ఊగిపోయింది. ఘూంగట్ ముసుగు కింద పెళ్లికూతురు భుజాలు కూడా కదులుతున్నాయి.

వెంకట్రాం కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. మహిపాల్ రెడ్డి ఇంట్లో బంతిలో కూర్చుని అరుంధతి ఇలాగే నవ్వి ఉంటుంది. చుట్టూ అందరూ నవ్వుతుంటే తాను నవ్వకపోతే బాగుండదని నవ్వి ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక పంతులుకు అంత కోపం రాలేదు. లేచి వెళ్లి తడక తీసి పక్కన పడేశాడు. చెంబూ గంటే పట్టుకుని గంగి అవ్వ అలాగే నిలబడిపోయింది.

"చెంబు మా ఇంటామె చేతిల ఉండె గని ఆశ నాది" అన్నాడు వెంకట్రాం. గొంతు ఖంగుమంది, మంత్రాలప్పటి గొంతు. "నాకు అడుగ శాతగాక ఆమెను నిలవెట్టిన. నవ్వుతే నన్ను నవ్వుండ్రి. ఆమెనంటే ఊకోను."

గంగి అవ్వ చెంబు కింద పెట్టేసింది.

"ఎంత మరి?" అన్నాడు భీమ్లా మెల్లగా.

"నూటపదహార్లు."

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. అంత సంభావన ఆయన తాతముత్తాతల్లో ఎవరూ కళ్ల చూడలేదు. ఆయనే భయపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. కానీ భీమ్లా ముఖం మతాబాలా వెలిగిపోయింది. "గిదీ మాటంటే" అంటూ ముందుకు జరిగి కూర్చున్నాడు. "పన్నెండు."

"ఇందాక పద్దెనిమిదంటివి?"

"గది అవ్వతోని బేరం. నీతోని మళ్ల మొదట్నుంచి."

"పన్నెండుకు సంకల్పం దాక చెప్త" అన్నాడు వెంకట్రాం. మాటలు ఎలా వస్తున్నాయో ఆయనకు అంతుబట్టడం లేదు, కానీ వస్తున్నాయి. "తాళి కట్టుడు మీరే చూస్కోన్రి."

జనం హో అన్నారు. భీమ్లా తొడ చరిచాడు. "ఇరవై. పైన ఒక మేకపోతునిస్తం."

"మేకపోతును నేనేం చేసుకోవాలె? దానికి సంధ్యావందనం నేర్పియ్యాల్నా?"

"మంత్రాలు సగమే సదువు పంతులూ, సగం పైసలిస్తం. మాకెట్లాగు అర్థం గావు."

"రెడ్డిగారికి అర్థమైతయనుకున్నవా? ఆయనకు సగం సదివిన్నా? మీకూ మొత్తం సదువుత, మొత్తం పైసలు దీస్కుంట."

ఆ మాట భీమ్లాకు ఎంత నచ్చిందో చెప్పలేం. అయినా తగ్గలేదు. వెంకట్రాం కూడా తగ్గలేదు. నిజం చెప్పాలంటే ఆయన రుచి మరిగాడు. ఇన్నేళ్లుగా ఇంత ఆనందాన్ని చెంబుకు వదిలేశానా అని బాధ కూడా కలిగింది. యాభై మీద చాలాసేపు కుస్తీ జరిగింది.

"అయ్యగారూ, ముహూర్తం" అన్నాడు చాంద్యా గడియారం చూసుకుంటూ.

"ఆగు నాయినా, జర నడుస్తున్నది ఈడ."

కాసేపటికి చాంద్యా లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, ముహూర్తం దాటిపోయింది. నాకు రేపు డ్యూటీ ఉన్నది."

వెంకట్రాం నాలుక కరుచుకున్నాడు. వేళ్ల కణుపులు గబగబా లెక్కబెట్టాడు. "దీని ఎన్కనే ఇంకో లగ్నమున్నది. దీనికన్న అది మంచిది" అన్నాడు. నిజమే, ఉంది. ఆయన అదృష్టం.

"దానికి వేరే పైసలా?" అన్నాడు భీమ్లా అనుమానంగా.

"అది ఉత్తగనే."

చివరికి నలభై ఒక్క రూపాయలు, ఒక కుంచెడు కందుల దగ్గర తెగింది. భీమ్లా బెల్లం విరిచి పంతులు చేతిలో పెట్టాడు. పంతులు ఈగల్ని తోలి నోట్లో వేసుకున్నాడు. ఆనాటి పెళ్లిలో ఒక్క మంత్రం మింగలేదు. మొద్దుబారడం మాట అటుంచి, గొంతు పక్క తండా దాకా వినబడిందన్నారు. తర్వాత గంగి అవ్వ వచ్చి, "అమ్మగారికియ్యి బిడ్డా, నేనన్నది మాత్రం చెప్పకు" అని అద్దాలు కుట్టిన చిన్న సంచి ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి అరుంధతి గుమ్మంలోనే ఉంది.

"అడిగిన" అన్నాడు.

"ఎంత?"

"నూటపదహార్లు."

"నూటపదహార్లా?" అరుంధతి నోటి మీద చెయ్యి వేసుకుంది. "సిగ్గులేదా మీకు? ఆళ్లు కష్టం జేసుకునేటోళ్లు." అని నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, అక్కడే కూలబడింది. ఆయన అంతా చెప్పాడు, మేకపోతు సంగతితో సహా. తడక సంగతి ఒక్కటే మింగేశాడు.

మాటకు కాళ్లుంటాయి కదా, నెల తిరక్కుండా చుట్టూ ఊళ్లన్నీ చుట్టివచ్చింది. వెంకట్రాం పంతులు బేరం కోసం ముహూర్తాన్నే ఆపాడట. పెళ్లికొడుకును పీట మీద ఎండబెట్టాడట. దేవుడి లాంటి మనిషికి ఏం పోయేకాలం వచ్చిందని జనం బుగ్గలు నొక్కుకున్నారు. శకుంతల ఇంట్లో బొట్టుకు వెళితే ఆడవాళ్లు అరుంధతి చుట్టూ చేరి, "ఆయనతోని ఎట్ల ఏగుతున్నవమ్మా" అన్నారు. అరుంధతి ఒక నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పు ఆమెకు ఎంత తియ్యగా ఉందో ఆమెకే తెలుసు.

తర్వాతి మాఘంలో కొడకండ్ల నుంచి సోమయ్య అనే రైతు కొడుకు పెళ్లి మాట్లాడటానికి వచ్చాడు. "యాభై ఒకటి. బండి మీరే పంపాలె" అన్నాడు వెంకట్రాం తడుముకోకుండా. సోమయ్య బిక్కముఖం వేశాడు. "పత్తి పురుగు దిన్నది అయ్యగారూ, జర సూడున్రి" అన్నాడు.

అరుంధతి తలుపు దాటి వచ్చి, అరుగు మీద పీట వేసుకుని కూర్చుంది. "పోనియ్యున్రి. పంట పోయినోళ్లు. ముప్పై ఒకటి తీస్కోన్రి" అంది.

"నడుమల నువ్వేందే?" అన్నాడు వెంకట్రాం.

"ఇరవై ఒకటి" అంది అరుంధతి. "బండి గుడ వద్దు. ఆయన నడుస్తడు."

వెంకట్రాం పళ్లు పటపటా కొరికాడు. సోమయ్య రెండు చేతులూ జోడించాడు. "నీ కడుపు సల్లగుండ తల్లీ" అన్నాడు. ఆ మాట ఆ ఇంటి అరుగు మీద ఆమెతో ఎవరూ ఏనాడూ అనలేదు. అరుంధతి పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

గేటు దాకా సాగనంపబోతే సోమయ్య వెంకట్రాం ముఖం చూసి ఆగిపోయాడు. "ఏమనుకోకున్రి అయ్యగారూ, అసొంటి తల్లి మీకెట్ల దొరికిందో గని" అన్నాడు.

వెంకట్రాంకు గుండె నిండిపోయింది. అయినా కొడకండ్ల మనిషి మలుపు తిరిగేదాకా ముఖం చిటపటలాడిస్తూనే నిలబడ్డాడు.